బొంతకు ఎంత అలంకారం? కుట్టు, ఉపయోగం, ఔచిత్యం

ప్రవేశిక

చేతికుట్టు బొంతను చూసినప్పుడు విమర్శకుని కన్ను మొదట వెతికేది పువ్వును, లతను, బొమ్మను. అవి కనిపిస్తే దానిని కళ అంటాం. వరుస కుట్లు మాత్రమే కనిపిస్తే అవసరం అని పక్కన పెడతాం. బెంగాల్ కంథా మ్యూజియాలకు చేరగా తెలుగింటి బొంత అటక మీదే ఉండిపోవడానికి ఈ విభజన ఒక ముఖ్య కారణం. కాబట్టి బొంతకు అలంకారపు కుట్టు ఎంత కావాలన్నది కుట్టే చేతికి మాత్రమే చెందిన ప్రశ్న కాదు. దేనిని కళగా లెక్కించాలో తీర్పు చెప్పే విమర్శకూ అది చెందుతుంది. బెంగాల్ కంథాను, ఉత్తర కర్ణాటక సిద్దీల కవందిని, మన బొంతను పక్కపక్కన పెట్టి ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కుట్టుకు రెండు హద్దులు

బొంతలో కుట్టు మొదటి పని పొరలను పట్టి ఉంచడం. వాడి వాడి మెత్తబడిన నూలు చీరలను, పంచెలను పొరలుగా పరచి, చిరుగులున్నవి లోపలికీ గట్టివి పైకీ వచ్చేలా సర్ది, అంచులు కలిపి, పై పొర నుంచి అడుగు పొర దాకా సూది దింపుతూ వరుసలు కుడతారు. వరుసల మధ్య ఎడం ఎక్కువైతే ఉతికినప్పుడు లోపలి గుడ్డలు జరిగి ఉండలు కడతాయి. వరుసలు మరీ దగ్గరైతే బొంత బిగుసుకుపోయి ఒంటికి ఒదగదు. పొడవుగా పైకి తేలే దారం కాలివేళ్లకు, గాజులకు తగులుకుంటుంది. లంబాడీల దుస్తులకు శోభనిచ్చే అద్దం, గవ్వ పడుకునే బొంతమీద గుచ్చుకుంటాయి. అంటే కుట్టుకు కింది హద్దునూ పై హద్దునూ ఉపయోగమే నిర్ణయిస్తుంది. ఆ రెండు హద్దుల నడుమ మిగిలిన జాగాయే అలంకారానిది.

కంథా: అలంకారంగా మారిన అవసరం

ఈ జాగాను గొప్ప నేర్పుతో వాడుకున్నది కంథా. నడుమ పద్మం, నాలుగు మూలలా చెట్లు, వాటి చుట్టూ మనుషులు, జంతువులు, పల్లకీలు. రంగు దారం తరచు పాత చీరల అంచుల నుంచి లాగినదే. అయితే బొమ్మలకన్నా గమనార్హమైనది వాటి మధ్య ఖాళీ. అక్కడ తెల్లదారంతో వేసిన సాదా కుట్టు గుడ్డమీద సన్నని అలలు లేపుతుంది. బొమ్మ లేనిచోట కూడా శోభ ఉంది, ఆ శోభ పొరలను పట్టి ఉంచే పని నుంచే పుట్టింది.

కంథా సంప్రదాయం తనలో తానే ఒక తారతమ్యం పాటించింది. చలికి కప్పుకునే దళసరి ‘లేప్’లో అలల కుట్టే ప్రధానం. వేడుకలకు పరిచే ‘సుజని’లో, పుస్తకాలు చుట్టి ఉంచే ‘బయతన్’లో బొమ్మలు విరివిగా ఉంటాయి. ఒంటికి రాసుకునేదానికి తక్కువ, కంటికి చూపేదానికి ఎక్కువ అన్నది ఇక్కడి నియమం. గురుసదయ్ దత్ (1882–1941) సేకరణ, స్టెల్లా క్రామ్రిష్ 1939లో ప్రచురించిన వ్యాసం కంథాకు పండితలోకంలో గౌరవం తెచ్చాయి. ఆ గౌరవంలో అధికభాగం మాత్రం బొమ్మలున్న నక్షీ కంథాకే దక్కింది. గోడకు వేలాడదీసినప్పుడు బొమ్మ కనిపిస్తుంది, వెచ్చదనం కనిపించదు.

నేడు ‘కంథా వర్క్’ పేరుతో వస్తున్న పట్టుచీరల్లో ఈ ధోరణి చివరి అంచుకు చేరింది. అక్కడ ఉన్నది ఒకే పొర, కుట్టు పట్టి ఉంచవలసిన రెండో పొర లేదు. ఆ చీర అందంగా ఉండవచ్చు, కుట్టిన స్త్రీకి నాలుగు డబ్బులు తేవచ్చు. ఆ మేలును కాదనలేం. కాని ఆ అందాన్ని కొలబద్దగా చేసుకొని పొరల బొంతను కొలవడం తగదు.

కవంది: పట్టి ఉంచని పువ్వు

ఇంతవరకు చెప్పినదాన్నిబట్టి పొరలను పట్టే కుట్టే సరైన కుట్టు, తక్కినది అదనం అని తేల్చవచ్చు. ఉత్తర కర్ణాటకలోని ఆఫ్రికా సంతతి సిద్దీ స్త్రీల కవంది ఆ తీర్పును ఒప్పుకోదు. కవందిని అంచున మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడుమకు చేరుకుంటారు. పాతగుడ్డ ముక్కలను మడిచి అతుకుతూ, ఒకే సాదా కుట్టుతో ముక్కనూ పొరలనూ కలుపుతారు. ఇది శుద్ధమైన ఉపయోగం. అయితే నాలుగు మూలలా మడతపెట్టిన చిన్న గుడ్డముక్కలు కుడతారు. వాటిని ‘ఫూల’ అంటారు, అంటే పువ్వు. అవి ఏ పొరనూ పట్టి ఉంచవు, వెచ్చదనం ఇవ్వవు. అయినా అవి లేని కవంది ఒంటిమీద బట్టలేనిదానితో సమానమని కుట్టేవారు భావిస్తారని హెన్రీ జాన్ డ్రూవల్ అధ్యయనాలు తెలుపుతున్నాయి.

కనుక ఉపయోగం హద్దులను చెప్పగలదు గాని సంపూర్తిని చెప్పలేదు. సంపూర్తిని నిర్ణయించేది కుట్టే సమాజపు తీర్పు. ఆ తీర్పు ఇక్కడ ఎంత పొదుపుగా ఉందో కూడా గమనించాలి. బొంతంతా పువ్వులు కోరలేదు, మూలకొకటి చాలంది.

బొంత: స్ఫుటం కాని అలంకారం

మన అలంకారశాస్త్రంలో ఈ చర్చ పాతదే. స్ఫుటమైన అలంకారం లేనంతమాత్రాన కావ్యత్వానికి హాని లేదన్నాడు మమ్మటుడు. అలంకారం లేని కావ్యాన్ని ఒప్పుకొనేవాడు వేడిలేని నిప్పును కూడా ఒప్పుకోవచ్చు గదా అని ఎత్తిపొడిచాడు చంద్రాలోక కర్త జయదేవుడు. బొంత విషయంలో మన విమర్శ తెలియకుండానే జయదేవుని పక్షం వహించింది. మమ్మటుని మాటలో కీలకం ‘స్ఫుటం’. ఆయన అలంకారాన్ని తోసిపుచ్చలేదు, అది పైకి కొట్టొచ్చినట్టు కనిపించనక్కరలేదన్నాడు.

బొంతలో అలంకారం అటువంటిది. ఏ చీరను పై పొరగా ఉంచాలన్న ఎంపికలో, చీర అంచు బొంత చుట్టూ చట్రంలా వచ్చేలా సర్దిన నేర్పులో, ముదురు గుడ్డమీద ఎర్రదారమో తెల్లదారమో ఎంచుకోవడంలో, వంకర పోని వరుసల ఎడంలో అది ఉంటుంది. ‘గంతకు తగ్గ బొంత’ అన్న సామెతను ఎగతాళికే వాడుతున్నా, అందులోని ‘తగ్గ’ అన్న మాట క్షేమేంద్రుడు చెప్పిన ఔచిత్యానికి దూరమైనది కాదు. పసిబిడ్డ కింద పరిచే చిన్న బొంతకు మెత్తదనమే ఔచిత్యం. అదే బొంతను పెళ్లికూతురితో సాగనంపితే మూలన ఒక పువ్వు కుట్టడం ఔచిత్యమే.

ముగింపు

అలంకారపు కుట్టు ఎంత కావాలన్నదానికి కుట్లు లెక్కపెట్టి జవాబు చెప్పలేం. మూడు విషయాలు అడగాలి: ఈ కుట్టు పొరలను పట్టి ఉంచుతోందా? పట్టి ఉంచకపోతే వాడకానికి అడ్డు వస్తోందా? అడ్డు రాకపోతే, అది లేనిదే పని పూర్తికాలేదని కుట్టినవారు అనుకుంటున్నారా? భౌతిక సంస్కృతిపై పనిచేసే పరిశోధకులు బొంతను నమోదు చేసేటప్పుడు బొమ్మలున్నాయా లేవా అన్న ఒక్క గడితో సరిపెట్టకుండా పొరల సంఖ్య, వరుసల ఎడం, పై చీర ఎంపిక, మూలల ముగింపు, ఎవరి కోసం కుట్టారన్న వివరం రాసుకోవాలి. పాత నూలు చీరలు ఇళ్లలో అరుదవుతున్న కాలంలో ఆ వివరాలు రాసుకోవడానికి ఎంతో వ్యవధి లేదు. పువ్వు లేదని పక్కన పెట్టిన బొంత చిరిగిపోతే, ఆ వరుసల ఎడం వెనుక ఉన్న వివేకం కూడా దానితోపాటే పోతుంది.