బ్రదికిన బిడ్డకు కథ లేదా?

మన కథకులకును చలనచిత్రకారులకును రాచపుండుపై నొక వింత మక్కువ కలదు. పాత్రకు ఆ జబ్బు వచ్చెనని చెప్పినచో చాలును. శోకము, వియోగము, మరణము వరుసగా వచ్చి కథను ముగించును. 1981లో 'ప్రేమాభిషేకము' నాయకుని, 1993లో 'మాతృదేవోభవ' తల్లిని ఈ వ్యాధియే కొనిపోయినది. ప్రేక్షకులు కన్నీరు కార్చిరి. ఆ కన్నీటిని మేము పరిహసింపము. కాని దానితోపాటు కేన్సరనగా చావేయను నమ్మకము మన యిండ్లలో పాతుకొన్నది. పెద్దల కథలనుండి పుట్టిన యీ నమ్మకము పసిబిడ్డల చికిత్సకు అడ్డుపడుచున్నది. మా ఆక్షేపణ యిదియే.

బిడ్డలకు అన్నిటికంటె ఎక్కువగా వచ్చు కేన్సరులో పుండే యుండదు. ఎముకల మూలుగలో పక్వము కాని తెల్లకణములు మితిమీరి పెరిగి మంచి రక్తమునకు చోటు లేకుండ జేయును. 1948 జూన్ నెలలో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్, అమినోప్టెరిన్ అను మందు నిచ్చిన 16 మంది పిల్లలలో 10 మందికి గుణము కనబడినదని ప్రకటించెను. ఆ మందు లెడర్లీ ప్రయోగశాలలో తయారైనది. అచ్చటి పరిశోధనలను నడపినవాడు 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. తెలుగువాని పర్యవేక్షణలో పుట్టిన మందు బిడ్డలకు ప్రాణము పోయుట కారంభించినది. తెలుగు కథ మాత్రము నేటికిని ప్రాణము తీయుచునే యున్నది!

ఆనాటి గుణము తాత్కాలికము. మిగిలిన దుష్టకణములు కొలది నెలలలో మరల విజృంభించెను. ఆ పాఠము నేర్చియే వైద్యులు పెక్కు మందులను కలిపి రెండు మూడేండ్లు ఇచ్చుచున్నారు. అమినోప్టెరిన్‌కు సోదరియగు మెథోట్రెక్సేట్ వానిలో నొకటి. సంపన్న దేశములలో కేన్సరు వచ్చిన పిల్లలలో నూటికి 80 మందికి పైగా స్వస్థులగుచున్నారనియు, పెక్కు పేద దేశములలో 30 మందియైన దక్కుట లేదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. రోగమును ఆలస్యముగా గుర్తించుటయు, చికిత్సను నడుమ విడిచిపెట్టుటయు ఇందలి కారణములలో ముఖ్యమైనవి.

ఈ రెండు మూడేండ్లలో బిడ్డ యేమి యనుభవించును? వెన్నులోనికి సూది గ్రుచ్చుదురు. నోరు పూసి అన్నము సహింపదు. మరియొక మందు వలన అర్ధరాత్రి ఆకలి పుట్టును, మొగము ఉబ్బును, అకారణముగా కోపము వచ్చును. జుట్టు రాలును. జ్వరము తగిలెనా, ఆ క్షణమే ఆసుపత్రికి పరుగు. పిమ్మట ఇంటివద్దనే మాత్రలు మ్రింగు కాలము వచ్చును. జుట్టు మొలచును, బిడ్డ ఆడుకొనును. అసలు గండ మప్పుడే. ఉప్పల్‌నుండియో నాచారమునుండియో రెడ్‌హిల్స్‌లోని ఎమ్.ఎన్.జె. కేన్సరు ఆసుపత్రికి పోయివచ్చు దినమున తండ్రి కూలి పోవును. ఆరోగ్యశ్రీ చికిత్సకు డబ్బిచ్చునుగాని ఆ కూలి నిచ్చునా? "బాగుపడినది గదా, ఇక మందులేల?" అని బంధువులందురు. ఆడపిల్లయైనచో "నలుగురికి తెలిసిన పెండ్లి కాద"ని గుట్టు చేయుదురు. 1948లో మందు చాలక జరిగిన హాని నేడు మందుండియు జరుగుచున్నది. కథకునికి ఇంతకంటె గొప్ప సంఘర్షణ యేమి కావలెను?

మల్కాజిగిరి ప్రాంతమున ఉపాధ్యాయవృత్తిలో నున్న మేము, జుట్టు రాలిన బాలుని ప్రక్కన కూర్చుండ వెఱచు పిల్లలను, అంటుకొనునేమో యని అడుగు తల్లులను చూచితిమి. ఈ వ్యాధి అంటునది కాదు. చికిత్సలో నున్న ఆ బాలునికే ఇతరుల జలుబు, జ్వరము ప్రమాదకరములు. ఈ చిన్న సత్యమును ఏ తెలుగు కథ చదివి వారు నేర్చుకొందురు?

కరుణరసము చెడునని కొందఱనవచ్చును. భవభూతిని తలంచుకొనుడు. ఉత్తరరామచరితమున కరుణమును పరాకాష్ఠకు గొనిపోయిన ఆ మహాకవియే తుదకు సీతారాములను కుశలవులతో గూర్చెను. అందువలన రసమునకు లోపము రాలేదు. మరణించు బిడ్డలు నేటికిని కలరు. వారి కథలను వ్రాయవలదని మేమనుట లేదు. వానిని సత్యముగా వ్రాయుడు. కాని రెండేండ్లు మాత్రలు మ్రింగి, పలక చేతబట్టి మరల బడికి వచ్చు బిడ్డ కథనుగూడ వ్రాయుడు. చికిత్స మానుదమా యని తలపోయుచున్న యొక తల్లి దానిని చదివి మరునాడు బిడ్డను ఆసుపత్రికి గొనిపోయినచో, అంతకంటె కథకునికి వేరు సన్మాన మక్కరలేదు.