తేమ ఊళ్లో ఫాండెంట్ కేకు

పోర్ట్‌బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది. పేరు మారినా గాలిలో తేమ ఎక్కడికి పోతుంది? వేయించిన అప్పడం పూట తిరక్కుండా మెత్తబడే ఆ ఊళ్లో, ఇంట్లో చేసిన కేకుకు మొదటిసారి ఫాండెంట్ తొడగడం కాస్త సాహసమే. ఫాండెంట్ దాదాపు అంతా చక్కెరే. చక్కెర గాలిలోంచీ, క్రీములోంచీ, మన అరచేతుల్లోంచీ నీటిని లాక్కుంటుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే సగం పని తెలిసినట్టే.

అండమాన్ ద్వీపాలకు బేకరీ కొత్త కాదు. ఇప్పుడు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపమంటున్న రాస్ ద్వీపంలో బ్రిటిష్ వాళ్ల బేకరీ శిథిలాలు ఇంకా ఉన్నాయి. తెలుగువాళ్లూ ఈ ద్వీపాల్లో తక్కువేం కాదు. 2011 జనాభా లెక్కల్లో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగే. అరిసెల పాకం పట్టడం వచ్చిన ఇళ్లకు ఫాండెంట్ మరీ పరాయిదనిపించదు. నీళ్లలో వేస్తే ఉండ కట్టే పాకాన్ని సుమారు 115 డిగ్రీల దగ్గర దించి, చల్లార్చి, తెల్లబడేదాకా మర్దిస్తే వచ్చేది పోతపోసే ఫాండెంట్. కేకు మీద పరిచే రకం వేరు. ఐసింగ్ షుగర్‌లో జెలటిన్, గ్లూకోజ్ సిరప్, గ్లిజరిన్, కాస్త డాల్డా వేసి పిసుకుతారు. తొలిసారికి కొన్నదే వాడటం మేలు. శాకాహారులు మాత్రం ప్యాకెట్ మీద పచ్చచుక్క చూసుకోవాలి.

అసలు చిక్కంతా కింద పూసేదానితోనే. ఫ్రెష్ క్రీమ్ మీద ఫాండెంట్ వేస్తే క్రీములోని నీరు పీల్చుకుని కరిగి జారిపోతుంది. ఈ వాతావరణానికి గనాష్ నమ్మకమైనది: రెండు పాళ్లు డార్క్ చాక్లెట్‌కు ఒక పాలు క్రీము. వైట్ చాక్లెట్ అయితే మూడు పాళ్లు. పూసి, గట్టిపడేదాకా ఆగాలి. గోడలు నున్నగా లేకపోతే ఆ గుంతలన్నీ పైకి కనిపిస్తాయి; ఫాండెంట్ దేన్నీ దాచదు.

ఎనిమిది అంగుళాల వెడల్పు, నాలుగు అంగుళాల ఎత్తు కేకుకు కనీసం పదహారు అంగుళాల ఫాండెంట్ అప్పడం కావాలి. చపాతీ పిండిలా మెత్తబడేదాకా పిసికి, బల్ల మీద కార్న్‌ఫ్లోర్ చల్లి, మూడు నాలుగు మిల్లీమీటర్ల మందాన వత్తాలి. ఐసింగ్ షుగర్ చల్లితే ఈ గాలికి అదే జిగురవుతుంది. అప్పడాన్ని కర్రకు చుట్టి కేకు మీద పరిచి, ముందు పైభాగం, తర్వాత అంచు, ఆపైన పక్కలు సవరించాలి. కింద పడిన కుచ్చిళ్లను నొక్కేయకూడదు. ఒక్కోదాన్ని బయటికి విప్పుతూ అరచేత్తో పైనుంచి కిందికి అద్దుకుంటూ రావాలి. గాలిబుడగ కనబడితే సన్నటి సూదితో ఏటవాలుగా గుచ్చి వేలితో రాస్తే సరి.

అలంకారానికి నేనైతే గవ్వలే చెబుతాను. పావుకిలో ఫాండెంట్‌కు, అది గట్టిపడటానికి, అర చెంచా సీఎంసీ పొడి కలిపి, గోళీలంత ఉండలు చేసి, బెల్లం గవ్వలు చేసే గవ్వల పీట మీదే బొటనవేలితో నొక్కి జార్చండి. గీతలతో ముడుచుకుని వస్తాయి. ప్లాస్టిక్ అచ్చులకు డబ్బు దండగ. పైగా అండమాన్ తీరంలోని ట్రోకస్, టర్బో వంటి శంఖాలకు వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, ఏరుకుపోతే కేసు. చక్కెర గవ్వలను ఎవరూ అడగరు. రంగు వేయాలంటే జెల్ రంగులే. నీళ్ల రంగు పోస్తే ముద్ద జావవుతుంది.

పూర్తయిన కేకును ఫ్రిజ్‌లో పెట్టకపోవడమే మంచిది. పెట్టి తీస్తే చెమటపట్టి మెరుస్తుంది. అప్పుడు తుడవకండి, వేలు ఆనించకండి. ఫ్యాను కింద వదిలేస్తే ఆరిపోతుంది. స్వరాజ్ ద్వీపంలో పుట్టినరోజుకని ఏసీ ఫెర్రీలో తీసుకెళ్తుంటే దిగగానే ఇదే తంటా. కేకును అట్టపెట్టెలో మూసే ఉంచి, బయటి వేడికి అలవాటు పడ్డాకే తెరవాలి. గవ్వలు వేరే డబ్బాలో వెళ్లాలి. అక్కడికి చేరాక ఒక్కో గవ్వ అడుగున తడి బ్రష్‌తో చుక్క నీరు రాసి అతికిస్తే చాలు. అంతకు మించి నీరు తగిలితే జారిపోతాయి.