భుజాన మోసిన కథ

మాచర్లలో బస్సెక్కి సాగర్ రోడ్డు పట్టుకుంటే, ఎత్తిపోతల జలపాతం వచ్చేలోపు ఒక బేతాళ కథ పూర్తవుతుంది. రెండోది మొదలుపెడితే మాత్రం సగంలో దిగాల్సి వస్తుంది. పాత చందమామలు కుట్టించిన బైండు ఒకటి సంచిలో వేసుకుని అప్పుడప్పుడు అక్కడికి వెళ్లడం నాకు అలవాటు. అలాంటి చోటికి నవల పట్టుకెళ్లి లాభం లేదు. కూర్చున్న పళంగా మొదలై, కూర్చున్న పళంగా అయిపోయే కథ కావాలి. ఐదారు పేజీలు, మధ్యలో రెండు బొమ్మలు, అంతే.

రోడ్డు దిగి లోపలికి నడుస్తుంటే ముందు హోరు వినిపిస్తుంది. నీళ్లు ఆ తర్వాత కనిపిస్తాయి. మాచర్ల చెన్నకేశవస్వామి గుడి పక్కగా వచ్చే చంద్రవంక, నక్కల వాగు, తుమ్మల వాగు కలిసి ఒక్కచోట 70 అడుగుల కిందికి దూకుతాయి. కింద మడుగులో మొసళ్లు. పక్కన దత్తాత్రేయుడి గుడి. ముందు చెవికి, తర్వాత కంటికి: మంచి దయ్యం కథ కూడా ఈ వరసలోనే వస్తుంది. చెట్టుకొమ్మ కిర్రుమంటుంది, నవ్వు వినిపిస్తుంది, ఆ తర్వాతే శవం. బేతాళ కథలో ఇంకో మెలిక ఉంది. శవం కనిపించాక కూడా మాట్లాడే గొంతు కనిపించదు. అది రాజుగారి భుజం మీదినుంచి, సరిగ్గా చెవి పక్కనుంచి వస్తుంది.

ఈ కథల కట్టుబడిని ఒక్కో చెక్క ఊడదీసి చూస్తే, వీటిని పిల్లల కథలని పక్కనపెట్టడానికి చెయ్యి రాదు.

ముందు చట్రం చూద్దాం. సోమదేవుడు 11వ శతాబ్దంలో కాశ్మీరంలో రాసిన కథాసరిత్సాగరంలో ఈ కథలున్నాయి. అక్కడ రాజు పేరు త్రివిక్రమసేనుడు. గోదావరి ఒడ్డున ఉన్న ప్రతిష్ఠానపురానికి ప్రభువు. అంటే కాశ్మీర కవి రాసిన కథలో రాజు మన గోదావరి నీళ్లు తాగినవాడే. ఈ రాజే తర్వాత విక్రమార్కుడయ్యాడు. తెలుగులో విక్రమార్కుడి కథలు 15వ శతాబ్దం నుంచీ కావ్యాలకెక్కాయి. జక్కన విక్రమార్క చరిత్ర, కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశిక అలా వచ్చినవే. కాబట్టి చందమామ బేతాళుణ్ణి పట్టుకొచ్చేనాటికే ఆ రాజు మనవాళ్లకు చుట్టంలాంటివాడు.

సోమదేవుడి కథలో క్షాంతిశీలుడనే భిక్షువు రోజూ రాజుకొక పండు తెచ్చిస్తాడు. పదేళ్లపాటు ఇస్తాడు. రాజు దాన్ని చూడకుండానే కోశాధికారి చేతిలో పెడుతుంటాడు. ఒకరోజు సభలోకి వచ్చిన కోతికి ఆ పండిస్తే, అది కొరికేసరికి లోపలినుంచి రత్నం రాలుతుంది. వెతికితే కోశంలో పాత పళ్లన్నీ కుళ్లిపోయి ఉన్నాయి, మధ్యలో రత్నాల కుప్ప. రాజును రుణపడేలా చేయడానికి ఇంతకన్నా నిశ్శబ్దమైన ఉపాయం ఉంటుందా? ఇక భిక్షువు ఏమడిగినా కాదనలేడు. శ్మశానంలో చెట్టుకు వేలాడే శవాన్ని దించి తెమ్మన్నాడు. ఒకే ఒక్క షరతు, దారిలో నోరు మెదపకూడదు.

ఆ మౌనమే ఈ బండికి ఇరుసు. ఇరుసుకు చీల వేసింది మాత్రం శవంలో ఉన్న బేతాళుడు. కథ చెప్పి, చివర్లో ప్రశ్న వేసి, జవాబు తెలిసి కూడా చెప్పకపోతే తల పగిలిపోతుందంటాడు. చెబితే మౌనం పోతుంది, శవం మళ్లీ చెట్టెక్కుతుంది. చెప్పకపోతే ప్రాణం పోతుంది. రాజు రెండు వైపులా ఇరుక్కున్నాడు. ఇంత బిగువైన ముడి రెండు వాక్యాల్లో పడుతుంది.

అందులో 'తెలిసి కూడా' అన్న మాట ఊరికే పడలేదు. తెలియకపోతే శిక్ష లేదన్నమాట. మూల గ్రంథంలో మొత్తం బండి ఆగేది ఆ మాట దగ్గరే. చివరి కథలో ఒక రాజూ అతని కొడుకూ అడవిలో ఇద్దరు ఆడవాళ్ల అడుగుజాడలు చూస్తారు. ఒక జత పెద్దది, ఒక జత చిన్నది. పెద్ద పాదాలావిడ తండ్రికి, చిన్న పాదాలావిడ కొడుక్కి అని ఒప్పందం చేసుకుంటారు. తీరా చూస్తే పెద్ద పాదాలు కూతురివి, చిన్నవి తల్లివి! మాట తప్పకుండా అలాగే పెళ్లాడతారు. వాళ్ల పిల్లలు ఒకరికొకరు ఏమవుతారన్నది ప్రశ్న. త్రివిక్రమసేనుడికి నిజంగానే తెలియదు. మౌనంగా నడుస్తాడు. తల పగలదు, శవం కదలదు. బేతాళుడు మెచ్చుకుని భిక్షువు కుట్ర బయటపెడతాడు. మొదట్లో వేసిన చీలను చివర్లో ఎలా ఊడదీయాలో, చీల వేసిన మాటలోనే దాచిపెట్టి ఉంచారు.

చందమామ చేసిన మార్పు చూడండి. ఆ చివరి కథ దగ్గరికి పోకుండా రాజును దశాబ్దాలపాటు దారిలోనే ఉంచేసింది. 1947లో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన పత్రిక అది. 1952 నుంచి 1980లో పోయేదాకా కొడవటిగంటి కుటుంబరావు దాన్ని నడిపారు. పాత కథలు పాతికే. అవి అయిపోయాక అదే చట్రంలో కొత్త కథలు బిగించారు. అలాంటి కథ చివర 'కల్పితం' అని వేసేవారు. ముగింపు భాగాన్ని తీసేస్తే బండి ఆగదని వాళ్లు కనిపెట్టారు. నా లెక్కలో అది ఎవరో మహాకవికి తట్టాల్సిన ఊహ.

చట్రానికి వాళ్లు ఇంకో చెక్క కూడా చేర్చారు. కథ మొదలవకముందే బేతాళుడు రాజును కొంచెం దెప్పుతాడు. అర్ధరాత్రి ఎందుకీ తిప్పలు, చేతికొచ్చిన దాన్ని తెలివితక్కువగా వదులుకున్నవాళ్లు లేరా, ఫలానావాడి సంగతి విను అన్న ధోరణిలో సాగుతుంది. పైకి ఇది కథలోకి తోవ. నిజానికి తోవ తప్పించే చెయ్యి. ఫలానావాడు తెలివితక్కువవాడని చదివేవాడి బుర్రలో ముందే నాటేస్తాడు. కథంతా ఆ కంటితోనే చదువుతాం. చివర్లో రాజు చెప్పే జవాబు చాలాసార్లు ఆ దెప్పుడుకు ఎదురుతిరుగుతుంది. అతను వదులుకున్నది మూర్ఖత్వంతో కాదు, ఇదిగో ఈ కారణం చేత అంటాడు. డిటెక్టివ్ కథ రాసేవాళ్లు అమాయకుడి మీదికి అనుమానం మళ్లించడానికి పది పేజీలు కష్టపడతారు. ఇక్కడ ఆ పని దయ్యమే నాలుగు మాటల్లో చేసిపెడుతుంది.

ఇక కథ పైన వేసే బొమ్మ. 1952లో చందమామలో చేరిన శంకర్ గీసిన ఆ చిత్రం తెలుగు ఇళ్లలో తెలియనివాళ్లు తక్కువ. చేతిలో కత్తి, భుజాన శవం, చుట్టూ శ్మశానం, నడిచే రాజు. ఆ బొమ్మ ఉన్నాక రచయిత చీకటినీ చలినీ వర్ణించక్కర్లేదు. ఇంగ్లండులో ఎం.ఆర్. జేమ్స్ కేంబ్రిడ్జిలో క్రిస్మస్ రాత్రుళ్లు మిత్రులకు దయ్యం కథలు చదివి వినిపించేవాడు. 1904లో అవి పుస్తకంగా వచ్చాయి. పాత చర్చి, పాత రాతప్రతి, కిటికీలోంచి వెన్నెల, ఇలా మెల్లగా వాతావరణం అల్లుకుంటూ వెళ్తాడు. అదొక పనితనం. మన కథకు ఆ ఖర్చు లేదు. భయమంతా చట్రంలో నిలవ ఉంటుంది. లోపలి కథ పట్టపగలు, రాజసభలో, పొలం గట్టున జరగొచ్చు. ప్రశ్న రాగానే ఒక్క అడుగులో మళ్లీ శ్మశానంలో ఉంటాం.

లోపలి కథ ఎలా బిగుస్తుందో చూడ్డానికి పాతికలో నాకు ప్రాణమైన కథ ఒకటి చెబుతాను. ముగ్గురు అన్నదమ్ములు. పెద్దవాడు తిండి విషయంలో మహా సుకుమారుడు, రెండోవాడు ఆడవాళ్ల విషయంలో, మూడోవాడు పడక విషయంలో. తండ్రి యజ్ఞానికి తాబేలు తెమ్మన్నాడు. జిగురుగా ఉన్న దాన్ని ముట్టుకోవడం నావల్ల కాదంటే నావల్ల కాదని ముగ్గురూ తగువుపడి, ప్రసేనజిత్తనే రాజు దగ్గరికి వెళ్లారు. రాజు పరీక్ష పెట్టాడు.

పెద్దవాడికి రాజభోజనం వడ్డించారు. అన్నంలో శవం కాలిన పొగ వాసన వస్తోందని ముక్కు మూసుకున్నాడు. మిగతావాళ్లకు ఆ వాసన తెలియలేదు. ఆరా తీస్తే ఆ వడ్లు ఊరి శ్మశానం పక్కనున్న పొలంలో పండినవని తేలింది. రెండోవాడి దగ్గరికి ఒక అందగత్తెను పంపారు. మేక వాసన అన్నాడు. ఆరా తీస్తే ఆమె పసితనంలో మేకపాల మీద పెరిగింది. మూడోవాడికి ఏడు పరుపులు వేసి పడుకోబెట్టారు. నడిరాత్రి పక్క పట్టుకుని కేకపెట్టి లేచాడు. ఒంటి మీద ఎర్రగా వంకర గీత. పరుపులన్నీ తీసి చూస్తే అన్నిటికన్నా అడుగున ఒక వెంట్రుక.

ముగ్గురిలో ఎవరు ఎక్కువ సుకుమారుడు? ఒక వానాకాలం ఎత్తిపోతల దగ్గర ఇక్కడే పుస్తకం మూసి ఆలోచిస్తున్నాను. పక్కనే మొక్కజొన్న కంకులు కాలుస్తున్న పెద్దావిడ అడిగింది:

"ఏంది బాబూ, అంత మురిపెంగా చదువుకుంటన్నావు?"

"బేతాళ కథమ్మా. జవాబు ఆలోచిస్తన్నా."

కథంతా చెప్పాను. విసనకర్ర ఆపలేదు. నిప్పులు రేగుతున్నాయి.

"పడకోడే గదయ్యా. వాసన సంగతి ముందే ఎవుడన్నా చెవిలో ఊది ఉండొచ్చు. ఒంటి మీద పడ్డ వాత అబద్ధం చెబుద్దా?"

పుస్తకం తెరిచి చూశాను. బేతాళుడికి రాజు చెప్పింది అదే. మొదటి ఇద్దరూ ఆ సంగతులు ముందే ఎవరివల్లో తెలుసుకుని ఉండొచ్చు, మూడోవాడి గుర్తు మాత్రం అందరి కళ్లెదుట ఒంటి మీద తేలింది.

కథ మళ్లీ మొదటినుంచి చదివితే దాని పనితనం అప్పుడు తెలుస్తుంది. మూడు పరీక్షలూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. సుకుమారుడు ఒక మాట అనడం, ఎవరూ నమ్మకపోవడం, ఆరా తీస్తే నిజమవడం. ఈ ఒకేతనం వల్ల తేడా మన కంటపడదు. మొదటి రెండింటిలో ఆరా బయటికి వెళ్లింది, పొలానికి ఒకటి, ఆమె పసితనానికి ఒకటి. బయట ఉన్న నిజం ఇంకొకరికి ముందే తెలిసే వీలుంది. మూడోదాంట్లో ఆరా ఆ గది దాటలేదు. గుర్తు ఒంటి మీద ఉంది, కారణం పరుపు కింద ఉంది. విన్న సంగతికీ కన్న సాక్ష్యానికీ ఉన్న తేడా అది. ఎడ్గర్ ఎలన్ పో 1841లో రాసిన కథతో డిటెక్టివ్ కథ పుట్టిందని సాహిత్య చరిత్రలు చెబుతాయి. అపరాధ పరిశోధన వరకు అది నిజం. సాక్ష్యాన్ని తూచే తక్కెడ మాత్రం అప్పటికే మన దయ్యం చేతిలో ఎనిమిది వందల ఏళ్లుగా ఉంది.

ఇంకో కథలో మందారవతి అనే అమ్మాయి చనిపోతుంది. ముగ్గురు వరుల్లో ఒకడు ఆమె బూడిద మీదే పడుకుంటాడు. ఒకడు అస్థికలు గంగలో కలపడానికి వెళ్తాడు. ఒకడు దేశాలు తిరిగి చచ్చినవాళ్లను బతికించే మంత్రం తెచ్చి ఆమెను లేపుతాడు. ఎవరికి దక్కాలి? బతికించినవాడికే అని మనసు చెబుతుంది. రాజు కాదంటాడు. ప్రాణం పోసినవాడు తండ్రి, అస్థికలు కలిపినవాడు కొడుకు, బూడిదను విడవకుండా పక్కనే ఉన్నవాడు భర్త. ఆధారం ఎక్కడా దాచలేదు. గంగలో అస్థికలు కలిపేది ఎవరో తెలుగింట్లో పసివాడికి కూడా తెలుసు. కథలో కాకుండా మన ఇళ్లలోనే ఆధారం పెట్టి, దాన్ని మనమే మరిచిపోయేలా మంత్రాన్ని చివర్న తెచ్చి పెట్టారు. చివర వచ్చినది పెద్దదిగా కనిపిస్తుందని ఆ కథకుడికి బాగా తెలుసు. అదే పాతికలో ఉన్న తలలు మారిన భర్త కథలోనూ ఇలాంటి తూకమే ఉంది. థామస్ మన్ 1940లో దాన్ని జర్మన్‌లో చిన్న నవల చేశాడు. గిరీశ్ కర్నాడ్ 'హయవదన' నాటకానికీ వేరు అక్కడే ఉంది.

ఇంత సామాను ఐదారు పేజీల్లో పట్టడానికి కుటుంబరావు తీర్చిన వచనం కూడా ఒక కారణం. ఉపమానాలుండవు. వాక్యానికి ఒక పని ఉంటుంది, ఆ పని అవగానే వాక్యం ముగుస్తుంది. ఒక వాక్యం తీసేసి చదివి చూడండి, జవాబుకు కావలసిన ఆధారం ఏదో పోయి ఉంటుంది. పదేళ్ల పిల్లవాడు తడబడకుండా చదువుతాడు, అరవై ఏళ్లవాడు జవాబు దగ్గర తడబడతాడు.

అద్దె పుస్తకాల షాపులు నిండిన రోజుల్లో కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌ను నేనూ రాత్రుళ్లు మేలుకుని చదివాను. ఆ ఉత్కంఠ వేరు, దాన్ని తక్కువ చేయను. కానీ హంతకుడెవరో తెలిశాక ఆ పుస్తకం షాపుకు తిరిగి వెళ్లిపోయేది. బేతాళ కథ జవాబు తెలిశాక కూడా మళ్లీ చదివించుకుంటుంది. అందుకే బైండు అట్ట ఊడిపోయినా నా దగ్గర ఉంది.

మీరూ ఎత్తిపోతలకు వెళ్తే ఒక బేతాళ కథ వెంట తీసుకెళ్లండి. బేతాళుడు ప్రశ్న వేసే దగ్గర పుస్తకంలో వేలు పెట్టి మూసెయ్యండి. పక్కనున్నవాళ్లకు కథ చెప్పి, వాళ్ల జవాబు అడగండి. రాజు మాట ఆ తర్వాత చూడండి.