బండివాడి ప్రశ్న

జనగణమనను యునెస్కో ప్రపంచంలోకెల్లా ఉత్తమ జాతీయగీతంగా ప్రకటించిందన్న మెసేజీ మీక్కూడా ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. యునెస్కో అలాంటి ప్రకటన చెయ్యలేదు, చెయ్యలేదని చెప్పింది కూడా. అయినా ఏళ్ళ తరబడి ఆ మెసేజీ ఒక ఫోన్లోంచి ఇంకో ఫోన్లోకి నడుస్తూనే ఉంది. మా నాన్న పంపించినప్పుడల్లా "ఇది అబద్ధం నాన్నా" అని జవాబు రాస్తాను. ఆయన ఒక నమస్కారం బొమ్మ పెడతారు. మళ్ళీ ఆగస్టు వచ్చేసరికి అదే మెసేజీ.

నాన్న రిటైరైన తెలుగు మాస్టారు. ముప్ఫై రెండేళ్ళ సర్వీసులో ప్రతి పంద్రాగస్టుకీ పిల్లల చేత రాయప్రోలు సుబ్బారావు "జన్మభూమి" గేయం పాడించారు. మొన్న జులైలో ఒక సాయంత్రం మా వీధి మలుపులో, మూత లేని డ్రైనేజీ గుంటలో కాలు పడి ఆయన కుడి మణికట్టు విరిగింది. ఆ గుంట గురించి నేను అంతకు రెండు వారాల ముందే ఫొటోతో సహా యాప్‌లో ఫిర్యాదు పెట్టాను. మూడో రోజున "మీ సమస్య పరిష్కరించబడినది" అని మెసేజీ వచ్చింది. మూత మాత్రం రాలేదు. చేతికి కట్టు కట్టించుకుని ఇంటికొచ్చిన రాత్రి, ఒళ్ళు మండిపోయి ఒక పోస్టు రాశాను. ఇదా ప్రపంచంలోకెల్లా గొప్ప దేశం, ఇక్కడ మనిషి ప్రాణానికి ఒక సిమెంటు మూతంత విలువ కూడా లేదు, ఇలా సాగింది అది. లైకులు బాగా వచ్చాయి. పైదేశాల్లో ఉన్న స్నేహితులు ఇంకా బాగా కొట్టారు.

పొద్దున్నే నాన్న చదివారు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, "అది తీసెయ్‌రా. గుంట మనది. పదిమందిలో పరువు తీసుకోవడం దేనికి?" అన్నారు.

నేను తియ్యలేదు. కానీ ఆయనకి సరైన జవాబూ చెప్పలేకపోయాను. ఆ మాట ఆయనకి ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం నాకు తెలుసు. చిన్నప్పటినుంచీ నేనూ గొంతెత్తి పాడిన పాటలోంచే వచ్చింది. అందుకే ఆ పాటనీ, దానికి పక్కన ఎప్పుడూ పెట్టే గురజాడ "దేశభక్తి"నీ మళ్ళీ తీసి చదివాను. ఈసారి పాఠం అప్పజెప్పాల్సిన పని లేకుండా.

రాయప్రోలు గేయం పరాయిచోటికి వెళ్ళే మనిషితో మాట్లాడుతుంది. నువ్వు ఎక్కడున్నా, ఎంత పైకెదిగినా, నీ చుట్టూ ఉన్నవాళ్ళు ఏం అన్నా అని ఒక్కో పరిస్థితినీ పక్కకి నెట్టేసి, చివరికి ఒకే పని మిగులుస్తుంది: తల్లిని పొగుడు, జాతి పరువు నిలబెట్టు. మా ఆఫీసులో ఏ ఇన్‌పుట్ ఇచ్చినా ఒకే అవుట్‌పుట్ ఇచ్చే ఫంక్షన్ రాస్తే కోడ్ రివ్యూలో ఎవరూ పాస్ చెయ్యరు. ఆ తర్వాత ఈ నేలకీ ఈ జనానికీ లోకంలో సాటి లేదంటుంది పాట. సాటి లేదని తెలియాలంటే లోకమంతా చూసి రావాలి కదా అని అడగబోయి ఆగాను. అది తర్కం చెప్పే వాక్యం కాదు. అమ్మ వంటకి సాటి లేదనే వాక్యం లాంటిది. దాన్ని రుజువు చెయ్యమని ఎవరైనా అడిగితే, తప్పు అడిగినవాడిదే.

ఇంకో సంగతి కూడా ఉంది. పరాయిపాలనలో ఉన్న జాతికి, నీకు చరిత్ర లేదు, చేవ లేదు, నిన్ను నువ్వు పాలించుకోలేవు అని రోజూ చెప్తున్న కాలపు గొంతు ఇది. ఎవరేమన్నా పట్టించుకోవద్దనడానికి అప్పుడు ఒక అర్థం ఉంది. ఆ అనేవాడి చేతిలో అధికారం ఉంది, లాఠీ ఉంది. అవతలివాడు నిన్ను సున్నా అంటున్నప్పుడు నేను నూరు అనడం గొప్ప చెప్పుకోవడం కాదు, ఊపిరి తీసుకోవడం. ఈ గేయానికి నేను ఎప్పుడూ మర్యాద తగ్గించను. నా ఇబ్బంది పాటతో కాదు, అది దాటొచ్చిన దూరంతో. 1987లో అదే పాట "అమెరికా అబ్బాయి" సినిమాలోకి వచ్చింది. ఇప్పుడు అమెరికాలో తెలుగు సభలు జరిగితే పాడతారు, ఇక్కడ మా అపార్ట్‌మెంట్ల జెండా వందనంలోనూ పాడతారు. ఇప్పుడు అధికారం ఉన్నది మనవాళ్ళ దగ్గరే. ఎవరేమన్నా అన్నప్పుడు ఆ "ఎవరు" ఎవరు? తెల్లదొర వెళ్ళిపోయాడు. ఆ ఖాళీలో నిలబడ్డది గుంట గురించి ఫిర్యాదు చేసేవాడు.

(రాయప్రోలు కొంతకాలం శాంతినికేతన్‌లో చదువుకున్నాడు. ఆ శాంతినికేతన్ పెద్దాయనే 1916లో జపాన్, అమెరికాలు తిరిగి జాతీయతా పూజ మనిషిని చిన్నవాణ్ణి చేస్తుందని ఉపన్యాసాలిచ్చాడు. ఒకే చెట్టు కింద ఎన్ని రకాల విత్తనాలు పడతాయో!)

గురజాడ వైపు వస్తే, "దేశభక్తి" 1910లో రాసింది, 1913లో కృష్ణా పత్రికలో వచ్చింది. దానికి మూడేళ్ళ ముందు, 1907లో, బిపిన్ చంద్రపాల్ ఆంధ్ర జిల్లాల్లో తిరిగి ఉపన్యాసాలిచ్చి వెళ్ళాడు. రాజమండ్రి కాలేజీ కుర్రాళ్ళు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని చదువులు పోగొట్టుకున్నారు. అంటే దేశం అనే మాట గాల్లో కొత్తగా, వేడిగా ఉన్న రోజులు. అప్పుడు రాసిన దేశభక్తి గేయంలో హిమాలయాలు లేవు, గంగ లేదు, వేదాలు లేవు. ఇంతవరకూ పాఠంగా ఎన్నిసార్లు చదివినా గమనించని సంగతి ఒకటి ఈసారి కనబడింది: పద్నాలుగు పద్యాల్లో ఎక్కడా దేశం పేరే లేదు. ఉన్నవి పాడి, పంట, తిండి, కండ, నేర్చుకోవాల్సిన కళలు, తయారుచేసి అన్ని దేశాల్లో అమ్మాల్సిన సరుకులు. పొరుగుదేశంవాడు తన భాషలోకి మార్చుకుని పాడుకున్నా ఒక్క మాట కూడా తీసెయ్యాల్సిన పని లేదు. మన దేశం గొప్పదా కాదా అన్న ప్రశ్నకి ఆ గేయంలో జవాబు లేదు, అసలు ప్రశ్నే లేదు.

పోటీ వద్దనలేదు గురజాడ. దాన్ని కత్తుల దగ్గర్నించి తీసి చదువు దగ్గరా వ్యాపారం దగ్గరా పెట్టాడు. అసూయ మీద ఏకంగా రెండు పద్యాలు ఖర్చుపెట్టాడు. ఇన్ని పద్యాల గేయంలో అసూయకి అంత చోటు ఎందుకా అని నాకు ఎప్పుడూ అనిపించేది. ఇప్పుడు అర్థమైనట్టే ఉంది. ఎవడు గొప్ప అన్న లెక్క మొదలయ్యేది అక్కడే. పక్కవాడి సంపద చూసి కుళ్ళుకునేవాడూ, మేమే నంబర్ వన్ అని ఊగిపోయేవాడూ చూస్తున్నది పక్కింటి కేసే.

అందరికీ నోటికొచ్చే ఆ వాక్యం సంగతి కూడా చెప్పాలి. దేశానికి మట్టితో కాదు, మనుషులతో అర్థం చెప్పిన వాక్యం. ఫ్లెక్సీల మీదా, రాజకీయ ఉపన్యాసాల చివరా, బడిగోడల మీదా అది కనిపిస్తుంది. కానీ అది పద్యంలో సగం మాత్రమే. అదే పద్యం మొదటి సగం, నీ లాభంలో కొంచెం వదులుకుని పక్కవాడికి సాయపడమంటుంది. ఆ సగాన్ని ఏ ఫ్లెక్సీ మీదా నేను చూడలేదు. నిర్వచనం అందరికీ ఇష్టమే. బిల్లు ఎవరు కడతారన్నదే కష్టం.

గేయం ముగిసే తీరు కూడా చూడండి. దేశం ఒక చెట్టు. మనుషుల చెమట వేళ్ళకి అందాలి, పంట పండాలి, ఆకుల మాటున కనబడకుండా కవిత్వం పలకాలి, ఆ తర్వాత, అన్నిటికన్నా చివర, దేశం మీద అభిమానం మొలకెత్తాలి. ప్రేమించమనే మాటతోనే మొదలైనా, అభిమానాన్ని మాత్రం గురజాడ ఆఖర్న పెట్టాడు. మనం దాన్ని విత్తనం అనుకుని ముందే చల్లేస్తున్నాం. ఆయనకది కోతకొచ్చినప్పుడు కనబడేది.

ఇదే చోట శ్రీశ్రీ "దేశచరిత్రలు" తెచ్చేవాళ్ళుంటారు. ఏ దేశానికీ గర్వపడే చరిత్ర లేదని అందరికీ ఒకేసారి సున్నా వేసిన కవిత. ఇరవై ఏళ్ళ వయసులో నాకు ఒళ్ళు ఝల్లుమన్న కవిత అది. ఇప్పుడూ ఆ ఊపు నచ్చుతుంది. కానీ ర్యాంకుల పట్టికని తలకిందులు చేసినా అది పట్టికే.

గురజాడ దగ్గర కూడా నాకు పేచీలున్నాయి. వెనక్కి చూసి లాభం లేదు, గతంలో మంచి తక్కువే అన్న ధోరణి ఒకటి. ఈ మాట అన్నది విజయనగరం సంస్థానంలో శాసన పరిశోధకుడిగా పనిచేసిన మనిషి! రాళ్ళ మీద అక్షరాలు చదివినవాడికి ఆ గతంలో ఏముందో తెలియక కాదు. బహుశా బాగా తెలిసే అన్నాడేమో. రెండోది పెద్దది. గొప్పలు మానేసి ఏదైనా ఒక మంచి పని చేసి చూపించమంటాడు. ఏదైనా అంటే ఏది? నేను ఒక సిమెంటు పలక కొని ఆ గుంట మీద వేస్తే అది మంచి పనే. కానీ "పరిష్కరించబడినది" అని నొక్కిన వేలు అలాగే ఉంటుంది, రేపు ఇంకో గుంట దగ్గర మళ్ళీ నొక్కుతుంది. గేయం మొత్తం "నువ్వు"తో మాట్లాడుతుంది. నీ పైనున్నవాడి ఊసు అందులో లేదు.

ఆ ఊసు గేయంలో లేదు కానీ నాటకంలో ఉంది. గేయానికి ఏడాది ముందు, 1909లో "కన్యాశుల్కం" రెండో కూర్పు వచ్చింది. అందులో గిరీశం ఒక బండివాడికి నేషనల్ కాంగ్రెస్ గురించి గంటలకొద్దీ లెక్చరు దంచుతాడు. అంతా విన్న బండివాడు, ఈ కాంగ్రెసువాళ్ళు మా ఊరి హెడ్డు కానిస్టేబుల్ని ఎప్పుడు బదిలీ చేయిస్తారని అడుగుతాడు. గిరీశం దీన్ని పల్లెటూరివాడి మొద్దుతనానికి ఉదాహరణగా చెప్పుకుంటాడు. మనమూ నవ్వుతాం. క్లాసులో మా నాన్న చెప్పినప్పుడు నేనూ నవ్వాను.

ఇప్పుడు నవ్వు రావట్లేదు. ఆ లెక్చరు మొత్తంలో బుర్రపెట్టి విన్నవాడు ఒక్కడే, అతను బండివాడు. దేశం, జాతి, స్వాతంత్ర్యం ఇవన్నీ విని, వాటిని తన ఊరికి, తన వీపుకి, రోజూ తన మీద పెత్తనం చేసే ఆ ఒక్క మనిషికి అన్వయించుకున్నాడు. మీ దేశం నా దాకా ఎప్పుడొస్తుంది అని అడిగాడు. గిరీశం దగ్గర జవాబు లేదు కాబట్టి నవ్వేశాడు. దేశం గొప్పదంటూ సాగే చర్చా, కాదంటూ సాగే చర్చా రెండూ నాకు ఆ లెక్చరులాగే వినిపిస్తున్నాయి. ఎంతసేపైనా నడుస్తాయి, ఆ లోపల ఏ హెడ్డు కానిస్టేబులూ బదిలీ అవ్వడు.

ఇదంతా రాసుకుని, కాస్త గర్వంగానే, నాన్నకి చదివి వినిపించాను. రాయప్రోలు దగ్గర తల ఊపారు, ఏమీ అనలేదు. గురజాడ అయ్యాక అడిగారు.

"గొప్పలు చెప్పుకోవద్దన్నాడు గురజాడ, నిజమే. తిట్టుకుంటూ కూర్చోమన్నాడా?"

"అంటే?"

"నీ పోస్టు సంగతి అడుగుతున్నాను. ఎంతమంది మెచ్చుకున్నారు?"

"మూడొందల చిల్లర."

"మూత వచ్చిందా?"

రాలేదు. బండివాడి పక్కన నిలబడ్డాననుకున్నాను కానీ, బండిలో కూర్చుని లెక్చరిచ్చినవాడిది కూడా నా గొంతే. ఇంగ్లీషు ముక్కలు కలిపి, అవతలివాడి చప్పట్ల కోసం చూసుకుంటూ. నాన్నది పరువు గురించిన బెంగ, నాది పరువు తీసే సరదా. చూపు రెండింటికీ బయటి జనం మీదే ఉంది. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

మూడో రోజున ఇద్దరం కలిసి వార్డు ఆఫీసుకి వెళ్ళాం. కాగితం నాన్నే రాశారు, ఎడమ చేత్తో, ఒకటో తరగతి పిల్లాడి అక్షరాలతో. యాప్‌లో మూసేసిన ఫిర్యాదు నంబరు, మూసిన తేదీ, మూసినవారి హోదా, ఏ పని చేసి మూశారో రాతపూర్వకంగా తెలపాలని సమాచార హక్కు చట్టం కింద అడిగారు. కౌంటర్లో అబ్బాయి చదివి, "మాస్టారూ, మూత కావాలని రాయండి, సరిపోతుంది" అన్నాడు. "మూత సంగతి వేరే కాగితంలో ఉంది నాయనా, ఇది దాన్ని మూసినాయన సంగతి" అన్నారు నాన్న. ముద్ర వేయించుకున్న నకలు తీసుకుని బయటికొచ్చాం. చట్టం ప్రకారం ముప్ఫై రోజులు గడువు. ఇవాళ్టికి పంతొమ్మిది అయ్యాయి. గుంటలో ఎవరో వేపకొమ్మ పాతి ఎర్రగుడ్డ కట్టారు. నా పోస్టు ఇంకా ఉంది, యునెస్కో మెసేజీ ఈ ఆగస్టులో కూడా వచ్చింది.

ఆటోలో తిరిగొస్తుంటే నాన్న ఉన్నట్టుండి అడిగారు. "ఇన్నేళ్ళు పాఠం చెప్పాను కానీ ఎప్పుడూ తట్టలేదురా. ఇంతకీ ఆ హెడ్డు కానిస్టేబులు బదిలీ అయ్యాడా?"

"నాటకంలో మళ్ళీ ఆ ఊసే రాదు నాన్నా," అన్నాను.