వెనక్కి నడిచేవారందరూ ఒకటేనా?

రాజకీయ రచనలో తీవ్ర సంప్రదాయవాదాన్ని ఎత్తిచూపడానికి తెలుగువారు వాడే మాటల్లో ఛాందసం పాతది, అభివృద్ధి నిరోధకత్వం కొత్తది. వేదానికి ఛందస్సు అనే పేరున్నందున ఛాందసుడంటే మొదట వేదం చదువుకున్నవాడనే అర్థం. అమరకోశం ఆ మాటను శ్రోత్రియుడికి పర్యాయపదంగా చెప్పింది. అది నిందగా మారాక వితంతు వివాహాన్ని అడ్డుకున్నవారికీ, వాడుక భాషను ఈసడించిన పండితులకూ వర్తించింది. రెండవ మాటకు మూలమైన భావన ఫ్రెంచి విప్లవ కాలంలో పుట్టి, కమ్యూనిస్టు సాహిత్యం వెంట తెలుగులోకి వచ్చింది. సంప్రదాయవాది ఉన్నదాన్ని నిలుపుకోవాలంటాడు. అభివృద్ధి నిరోధకుడు ఉన్నదాన్ని కూలదోసి, గతించిన పెత్తనాన్ని తిరిగి నిలబెట్టాలంటాడు, కనుక అతడు కోరేదీ మార్పే.

అయితే వెనక్కి చూడటమే నేరమనుకునే రచయిత అనంతపురం జిల్లా బెళుగుప్ప మెట్ట పొలాల్లో తడబడక తప్పదు. ఒకప్పుడు కొర్ర, జొన్న పండిన అనంతపురం నేలను అమ్మకపు పంటగా వచ్చిన వేరుశనగ, అంటే ఇక్కడివారి శెనక్కాయ, ఆక్రమించింది. వాన తప్పిన ఏళ్లలో పెట్టుబడి సైతం మట్టిపాలై అప్పు మిగిలిన రైతు మళ్లీ కొర్ర విత్తితే, అతడు గతానికి వెళ్లాడన్నది నిజమే గాని అందువల్ల ఎవరి హక్కూ పోలేదు. అదే ఊళ్లో పాత కుల కట్టుబాట్లను తిరిగి తెమ్మనే పెద్దమనిషి కోరికలో మాత్రం, ఒకరికి దక్కిన హక్కును లాక్కోవడం ఉంది. అభివృద్ధి నిరోధకుడన్న మాట అతడికే చెల్లుతుంది.

పుట్టుకను బట్టి ఈ ముద్ర వేయడమూ చెల్లదు. ఈ జిల్లాలోనే సంపన్న భూస్వామ్య కుటుంబంలో పుట్టిన తరిమెల నాగిరెడ్డి కమ్యూనిస్టుగా మారి, 1952లో జైలు నుంచే పోటీ చేసి నీలం సంజీవరెడ్డిని ఓడించారు.

చిక్కైన ఉదాహరణ ఎన్.జి. రంగాది. జమీందారీ వ్యతిరేక రైతు ఉద్యమాలు నడిపిన ఆయన, కాంగ్రెస్ నాగపూర్ మహాసభ ఆమోదించిన సహకార వ్యవసాయ విధానాన్ని వ్యతిరేకిస్తూ, 1959లో ఏర్పడిన స్వతంత్ర పార్టీకి అధ్యక్షులయ్యారు. మాజీ సంస్థానాధీశులు చేరిన పార్టీ కనుక వామపక్షాలు దాన్ని అభివృద్ధి నిరోధకమనడం నిరాధారం కాదు. కాని తన చెక్క భూమిని తానే దున్నుకుంటానన్న రైతు వాదాన్నీ అదే గాటన కట్టడం అన్యాయం. రంగా తర్వాత కాంగ్రెస్‌లోకే తిరిగి వెళ్లారు. ఆ ప్రయాణం ముందుకో వెనక్కో తేల్చడం ఈ పదానికి సాధ్యమయ్యే పని కాదు.