చెక్క బీరువాలో కోడిపిల్లలు

అమెరికాలో ఒహాయో రాష్ట్రం పడమటి అంచున డార్క్ కౌంటీ ఉంది. ఎటు చూసినా మొక్కజొన్న, సోయా చేలు, మధ్యలో చిన్న చిన్న ఊళ్ళు. అందులో గెటిస్‌బర్గ్‌లో పీటర్‌సైమ్ వాళ్ళు, న్యూ మాడిసన్‌లో హ్యుమిడైర్ వాళ్ళు దశాబ్దాల పాటు గుడ్లు పొదిగే యంత్రాలు తయారుచేశారు. చెక్క బీరువా, ముందు గాజు తలుపు, లోపల వరసగా గుడ్ల ట్రేలు, గాలి తిప్పే రెక్కలు. ఆ పాతకాలపు బీరువాలు చుట్టుపక్కల పల్లెల కొట్టాల్లోనూ, రైతులు సామాను వేలం వేసే చోట్లా ఇప్పటికీ కనబడతాయి. నాటుకోళ్ళ మధ్య పెరిగినవాణ్ణి. అలాంటి బీరువా కంటబడితే తలుపు తీసి చూడకుండా కదల్లేను.

తలుపు తీయగానే ముందు వాసన చూస్తాను. ఎండిన చెక్క వాసన, పాత ఈకల వాసన అయితే ఫర్వాలేదు. బూజు వాసన ముక్కుకు తగిలితే మాత్రం ఎంత చవగ్గా ఇచ్చినా వదిలేయడం మేలు. కర్ర లోపలికి దిగిన బూజు కడిగినంత మాత్రాన పోదు, అప్పుడే పెంకు చీల్చుకొచ్చిన పిల్ల దాన్ని పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి. ఆ తర్వాత ట్రేలు. బీరువా ఎక్కడైనా దొరుకుతుంది, దానికి సరిగ్గా అమరే ట్రేలు, వాటిని అటూ ఇటూ వంచే లివరు విడిగా దొరకడం కష్టం. ఇక తలుపు బిగువు. సందులో కాగితం ముక్క పెట్టి మూసి లాగితే తెలిసిపోతుంది. ఈ బీరువాలకు ఎక్కువగా వాడింది కాలిఫోర్నియా తీరంలో పెరిగే రెడ్‌వుడ్. తడికి తొందరగా పుచ్చదు, వంకర పోదు. వారాల తరబడి వేడీ తేమా కలిసి ఉండే గదికి అలాంటి కర్రే కావాలి. కరెంటు పోయినా ఆ మందపాటి గోడలు లోపలి వేడిని చాలాసేపు పట్టి ఉంచుతాయి. ఇప్పుడొచ్చే పల్చటి ప్లాస్టిక్ పెట్టెల్లో ఆ నిలకడ నేను చూడలేదు.

మొత్తం యంత్రంలో నాకు బాగా ఇష్టమైన భాగం వేఫర్. అరచేతిలో ఇమిడే రెండు పల్చటి ఇత్తడి బిళ్ళలు, అంచులు కలిపి టంకం వేసి ఉంటాయి. లోపల కొద్దిగా ఈథర్. ఈథర్ సుమారు 35 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, గుడ్డుకు కావలసిన వేడి 37.5 డిగ్రీలు. అక్కడికి దగ్గరపడేకొద్దీ ఆవిరి పెరిగి బిళ్ళ ఉబ్బుతుంది, ఎదురుగా ఉన్న చిన్న స్విచ్చిని నొక్కుతుంది, హీటరు ఆగుతుంది. కాస్త చల్లబడగానే బిళ్ళ ముడుచుకుంటుంది, హీటరు మళ్ళీ అందుకుంటుంది. పక్కనున్న మరను పిసరంత తిప్పి వేడి ఎంత ఉండాలో మనం నిర్ణయిస్తాం. వేఫర్ బాగుందో లేదో తెలియాలంటే వేడి నీళ్ళలో వేస్తే చాలు, ఉబ్బకపోతే ఈథర్ కారిపోయినట్టే. దీని మూలం 1881లో ఇంగ్లండులో చార్లెస్ హియర్సన్ తెచ్చిన క్యాప్సూల్‌లో ఉంది. కిరోసిన్ దీపాల కాలం కదా, అప్పుడది స్విచ్చికి బదులు మీటను ఎత్తి, దీపం వేడిని బయటికి పంపేసేది.

గాలి తిప్పే రెక్కల కథలో ఒహాయోకూ చోటుంది. క్లీవ్‌లాండ్‌కు చెందిన శామ్యూల్ స్మిత్‌కు 1918లో ఒక పేటెంట్ వచ్చింది. పొదుగు చివరికొచ్చిన గుడ్డులో పిల్ల తనే వేడి పుట్టిస్తుంది. కొత్తగా పెట్టిన గుడ్డుకు బయటి నుంచి వేడి కావాలి. రకరకాల వయసుల గుడ్లను ఒకే గదిలో ఉంచి, మధ్యలో గాలిని ఫ్యానుతో తిప్పితే ముదురు గుడ్ల వేడి లేత గుడ్లకు అందుతుందని ఆయన పట్టుకున్నాడు. ఆ హక్కు మీద నడిచిన కోర్టు గొడవ 1935లో అమెరికా సుప్రీం కోర్టు దాకా వెళ్ళి, పేటెంట్ నిలబడింది. ముదురు గుడ్లు వేడి పుట్టిస్తాయి కాబట్టే చెబుతున్నాను: పద్దెనిమిదో రోజు గుడ్లతో బీరువా నిండి ఉన్నప్పుడు మొదటి రోజు సర్దిన మర మీద నమ్మకం పెట్టుకోకండి. థర్మామీటరు చూసి సరిచేస్తూ ఉండాల్సిందే.

మా అమ్మమ్మ పెట్టను పొదగేసేటప్పుడు గంపలో గడ్డి పరిచి, గుడ్ల పక్కన ఓ ఇనప ముక్క పెట్టేది, ఉరుములకు గుడ్లు మురిగిపోతాయని ఆమె నమ్మకం. మిగతా పనంతా పెట్టదే. పగలూ రాత్రీ ముక్కుతో గుడ్లను దొర్లిస్తూ ఉంటుంది, ఏ గుడ్డూ గంప అంచునే ఉండిపోనివ్వదు. దొర్లించకపోతే పిండం లోపలి పొరకు అంటుకుని చచ్చిపోతుంది. లివరు పట్టుకుని రోజూ ట్రేలు వంచేటప్పుడు మనం చేస్తున్నది ఆ పెట్ట పనే. పద్దెనిమిదో రోజున వంచడం ఆపి, గుడ్లను అడుగు ట్రేలోకి దించాలి.

పాత వస్తువులు సేకరించేవాళ్ళు కొందరు నాతో ఒప్పుకోరు గానీ, పాతది పాతగానే ఉండాలని గుడ్డ చుట్టిన వైర్లను అలాగే వదిలేయడం తప్పు. చెక్క బీరువా, లోపల తేమ, పక్కన పెళుసెక్కిన వైరు, ఇంటికి నిప్పంటుకోవడానికి ఇంకేం కావాలి? వైరింగు మొత్తం కొత్తది వేయించండి. హీటరు దగ్గర తెల్లగానో బూడిదరంగులోనో గట్టి అట్టలాంటిది ఉంటే అది ఆస్‌బెస్టాస్ కావచ్చు. గీకొద్దు, డ్రిల్లు పెట్టొద్దు, తెలిసినవాళ్ళకు చూపించండి. థర్మోస్టాట్ కొత్త ఎలక్ట్రానిక్‌ది పెట్టి, వేఫర్‌ను దానికి పైన కాపలాగా కొంచెం ఎక్కువ వేడి దగ్గర ఉంచడం నా పద్ధతి. కొత్తది మొరాయించినా గుడ్లు ఉడికిపోవు.

తేమ దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. ఇక్కడ ఒహాయోలో చలికాలంలో ఇంటి హీటర్ల వల్ల గాలి బాగా పొడిబారి ఉంటుంది. థర్మామీటరు బుడ్డికి తడి నూలు తొడుగు వేసి చూస్తే మొదటి పద్దెనిమిది రోజులు 29, 30 డిగ్రీల మధ్య ఉండాలి, చివరి మూడు రోజులు 32 దాకా పెంచాలి. దానికంటే నమ్మకమైనది తక్కెడ. పద్దెనిమిదో రోజుకు గుడ్డు బరువులో సుమారు 12 శాతం తగ్గాలి. అంతకంటే తక్కువ తగ్గితే గాలి గది చాలదు, ఎక్కువ తగ్గితే పొర ఎండిపోయి పిల్ల తిరగలేదు. పెంకు మీద మొదటి పగులు కనబడ్డాక ఎంత ఆత్రంగా ఉన్నా తలుపు తీయకండి. తేమ ఒక్కసారిగా పోయి పొర పిల్లకు జిగురులా అంటుకుపోతుంది. తిండి గురించి కూడా కంగారు పడక్కర్లేదు. పొట్టలోకి పీల్చుకున్న పచ్చసొన రెండు మూడు రోజులకు సరిపోతుంది. ఆ ధైర్యంతోనే అమెరికా తపాలా శాఖ 1918 నుంచి ఒక్కరోజు పిల్లలను పార్సిల్లో పంపుతోంది.

ఇలాంటి బీరువాను ఓడలో ఇంటికి తెప్పించుకోవచ్చా అని ఆంధ్రా నుంచి మిత్రులు అడుగుతుంటారు. వద్దు. ఇక్కడి మోటార్లు 120 వోల్టులకు, 60 హెర్ట్జ్‌కు చేసినవి. అక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. మంచి వడ్రంగి చేత మందపాటి కర్రతో పెట్టె చేయించుకుని, లోపలి సామాను అక్కడిదే వేయించుకోండి.

ఇక్కడున్న మనవాళ్ళకు మాత్రం ఒక విన్నపం. ఈ బీరువాలను కొని గుల్ల చేసి, సీసాలు పెట్టుకునే అల్మరాలుగా మార్చేస్తున్నారు. అలా చేయకండి. కోళ్ళు పెంచే ఆసక్తి మీకు లేకపోతే, ఉన్నవాళ్ళకు అమ్మండి. అమ్మేటప్పుడు ట్రేలు, లివరు, వేఫర్ విడదీయకుండా బీరువాతోనే ఇవ్వండి.