రంగుకు పేరు పెట్టడం: ధ్రువిత కాంతి సూక్ష్మదర్శిని అధ్యయనంలో రెండు గ్రంథాల పద్ధతులు – ఒక పరిశీలన

తూర్పు కనుమల చార్నోకైట్ ముక్కను 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి, గాజుపలకకు అతికించి, ధ్రువిత కాంతి సూక్ష్మదర్శిని కింద ఉంచితే లేత గులాబి రంగు గింజలు కొన్ని కనిపిస్తాయి. అనువైన దిశలో తెగిన గింజను ఎంచుకొని వేదికను 90 డిగ్రీలు తిప్పితే ఆ గులాబి లేత ఆకుపచ్చగా మారుతుంది. అది హైపర్స్థీన్. 1900లో థామస్ హాలండ్ దక్షిణ భారత చార్నోకైట్ శ్రేణిని వర్ణించినప్పుడు ఆ శిలలన్నిటినీ ఒక కుటుంబంగా కలిపినది ఈ ఖనిజమే. ఇక్కడ గుర్తు గులాబి రంగూ కాదు, ఆకుపచ్చ రంగూ కాదు. ఒకటి మరొకటిగా మారడం. నేర్చుకొనేవారికి ఈ భేదాన్ని మన పాఠ్యగ్రంథాలు ఏ మేరకు అందిస్తున్నాయన్నదే ఈ వ్యాసం పరిశీలించే విషయం.

ఇందుకు రెండు గ్రంథాలను తీసుకుంటున్నాను. మొదటిది రోజర్స్, కెర్ 1933లో ప్రచురించిన ‘థిన్ సెక్షన్ మినరాలజీ’. తరువాతి కూర్పులలో ఇది ‘ఆప్టికల్ మినరాలజీ’గా స్థిరపడింది. రెండవది మెకెంజీ, గిల్‌ఫర్డ్ 1980లో వెలువరించిన వర్ణచిత్రాల అట్లాస్. మొదటిది మాటల పుస్తకం, రెండవది బొమ్మల పుస్తకం. విద్యార్థులు రెండవదానినే ఇష్టపడతారు. అందులో తప్పు లేదు. కెర్ పుటల్లో పది పంక్తులు చదివినా ఊహకు అందని మైక్రోక్లీన్ గళ్ల నేత, అట్లాస్‌లో ఒక్క చూపుకు అందుతుంది. ప్లియోక్రోయిజం చూపవలసిన కొన్నిచోట్ల అట్లాస్ కర్తలు ఒకే దృశ్యాన్ని రెండు స్థితులలో తీసి పక్కపక్కన ఉంచారు. స్థిరచిత్రానికి ఉన్న పరిమితి వారికి బాగా తెలుసు.

అయినా బొమ్మ తిరగదు. అడ్డ పోలరాయిడ్‌ల నడుమ వేదికను పూర్తిగా ఒక చుట్టు తిప్పితే, ద్వివక్రీభవనం గల గింజ నాలుగుసార్లు చీకటవుతుంది. దీనిని ఎక్స్‌టింక్షన్ అనే నామవాచకంగా వల్లె వేయడం కంటే గింజ ‘ఆరిపోయింది’, ‘మళ్లీ వెలిగింది’ అని తెలుగు క్రియలతో చెప్పుకుంటే విషయానికి మరింత దగ్గరగా ఉంటుందని నాకు అనిపిస్తుంది. ఏ కోణంలో ఆరింది, విదళన రేఖకు సమాంతరంగానా, ఏటవాలుగానా అన్న ప్రశ్నకు జవాబు చేతితో తిప్పిన వానికే దొరుకుతుంది.

అట్లాస్‌తో చదువుకున్నవారిలో తరచుగా కనిపించే దోషం, వ్యతికరణ వర్ణాన్ని ఖనిజపు సొంత రంగుగా భావించడం. 1888 నాటి మిషెల్ లెవీ పట్టికను గోడకు తగిలించి, రంగుల దుకాణంలోని నమూనా కాగితంలా వాడుకోవడం ప్రయోగశాలల్లో మామూలే. నిజానికి ఆ పట్టిక మూడు రాశుల సంబంధాన్ని చూపుతుంది: ఛేదపు మందం, ద్వివక్రీభవన పరిమాణం, కిరణాల మధ్య ఏర్పడే వెనుకబాటు. పలుగురాయి గరిష్ఠ ద్వివక్రీభవనం 0.009. మందం 0.03 మిల్లీమీటర్లయితే వెనుకబాటు 270 నానోమీటర్లు. గింజ తెల్లగా, మహా అయితే పసుపు ఛాయతో ఉంటుంది. అరగదీసినవాడు తొందరపడి 0.04 దగ్గర ఆపేస్తే అది 360కి చేరి గింజ స్పష్టమైన పసుపురంగు పొందుతుంది. ఖనిజం మారలేదు, మందం మారింది. అనుభవజ్ఞులు స్లైడు చేతికి రాగానే ముందు పలుగురాయిని వెదకేది ఇందుకే. మందానికి అదే కొలబద్ద.

కోత దిశ విషయం ఇంకా చిక్కు. ఖోండలైట్‌లో పలుగురాయి, గార్నెట్ రెండూ ఉంటాయి. గార్నెట్ సమదైశికం కనుక ఎంత తిప్పినా చీకటిగానే ఉంటుంది. అయితే స్ఫటికాక్షానికి లంబంగా తెగిన పలుగురాయి గింజ కూడా చీకటిగానే ఉంటుంది. అడ్డ పోలరాయిడ్‌ల చిత్రంలో రెండూ నల్లటి మచ్చలే. పై పోలరాయిడ్‌ను తొలగించి చూస్తే గార్నెట్ ఉబ్బెత్తుగా, గట్టి అంచులతో నిలుస్తుంది. పలుగురాయి అతుకు పదార్థంలో దాదాపు కలిసిపోతుంది. అప్పటికీ సందేహం మిగిలితే బెర్‌ట్రాండ్ కటకం వేసి ఏకాక్ష ఖనిజపు శిలువ ఆకృతిని చూడవచ్చు. ఒక గింజతో తీర్పు చెప్పరాదన్న పాఠం అట్లాస్ పుటలో ఇమడదు, ఎందుకంటే చిత్రానికి ఎన్నుకొన్నది చక్కగా కుదిరిన గింజనే.

కెర్ గ్రంథం ఈ లోపాన్ని పూరిస్తుందా? కొంతవరకే. ప్రతి ఖనిజానికీ రంగు, ఆకృతి, విదళనం, రిలీఫ్, ద్వివక్రీభవనం, ఎక్స్‌టింక్షన్ అంటూ వరుస శీర్షికలుంటాయి. పోలిన ఖనిజాల నుంచి వేరుపరిచే లక్షణాలకూ చోటుంది. ఆ చోటే గ్రంథానికి ప్రాణమని నా అభిప్రాయం. కానీ ఆ వర్ణన పేరుతో మొదలై లక్షణాలకు వస్తుంది. విద్యార్థి దారి అందుకు వ్యతిరేకం: అతని ముందు లక్షణాలున్నాయి, పేరు లేదు.

దీనివల్ల కలిగే నష్టం చిన్నది కాదు. అండలూసైట్ కూడా గులాబి ఛాయతో కనిపించవచ్చు. దానికీ హైపర్స్థీన్‌కూ నిడుపు కోతల్లో ఎక్స్‌టింక్షన్ సమాంతరమే; వ్యతికరణ వర్ణాలు రెండింటికీ మొదటి శ్రేణిలోనివే. చిత్రంతో పోల్చి పేరు పెట్టేవాడు ఇక్కడ సులభంగా పొరబడతాడు. జిప్సం ఫలకాన్ని చొప్పించి, గింజ నిడివిని ఫలకపు మందగతి దిశకు సమాంతరంగా ఉంచితే బూడిదరంగు గింజ హైపర్స్థీన్ అయితే నీలానికి ఎక్కుతుంది, అండలూసైట్ అయితే పసుపుకు దిగుతుంది. అర నిమిషం పని. దానిని వదిలేస్తే, భూపటలపు లోతుల్లో అధిక ఉష్ణోగ్రత వద్ద రూపొందిన గ్రాన్యులైట్ శిలకు అల్ప పీడన ఖనిజాన్ని ఆపాదించినట్లవుతుంది. ఆ పేరుపై కట్టిన పీడన, ఉష్ణోగ్రతల గణన ఎంత కచ్చితమైనదైనా ఆ శిల చరిత్ర తప్పే. ఎలక్ట్రాన్ మైక్రోప్రోబ్ ఉంది కదా అనవచ్చు. ఏ గింజను ప్రోబ్ కిందికి పంపాలో నిర్ణయించేది మాత్రం ఈ పాత సూక్ష్మదర్శినే.

పరీక్షల తీరు కూడా అట్లాస్ పద్ధతినే బలపరుస్తున్నది. ఐదు స్లైడులు, ఐదు పేర్లు, కొద్ది నిమిషాలు. గింజను ఎలా గుర్తించావన్న ప్రశ్నకు మార్కులు తక్కువ. రికార్డు పుస్తకాలలో వర్తులాకారపు బొమ్మలు అందంగా ఉంటాయి, వాటిలో సగం పుస్తకం చూసి గీసినవేనని దిద్దేవారికీ తెలుసు. ఆ పుటలోనే మొదట ఏమనుకున్నారు, ఏ పరీక్షతో ఆ ఊహ తొలగిపోయింది అన్న రెండు పంక్తులు రాయించి, వాటికీ మార్కులు కేటాయించవచ్చు. ‘మొదట అండలూసైట్ అనుకొన్నాను, నిడివి మందగతి దిశ కావడంతో విడిచిపెట్టాను’ అని రాసిన విద్యార్థి బొమ్మ వంకరగా ఉన్నా, అతడు వేదికను తిప్పి చూశాడని ఆ వాక్యమే చెబుతుంది.